దువ్విన ఇసుక

మా ఊరు పదకొండు గడపలు.
ఎస్టోనియా అంచు చిరిగి బాల్టిక్‌లో నానేచోట.
పేరు కివిరాండ్, అంటే రాళ్ళ రేవు.
నీళ్ళలో రాయి రాయికీ పేరుండేది:
ముసలి ఎద్దు, పాస్టరు టోపీ, ఏడ్చే యీవా.
ఆ పేర్లు రానివాడికి పడవ ఇచ్చేవాళ్ళు కాదు,
పిల్లనూ ఇచ్చేవాళ్ళు కాదు.

ఇంటింటికీ వల బెండు మీద కత్తితో గీసిన గుర్తు.
మాది మూడు గీతలూ ఒక కొక్కెమూ.
చదువు రాని మా ముత్తాత
పొలం కాగితం మీదా అదే గీశాడు,
చర్చి పుస్తకంలోనూ,
ముందుగానే చేయించుకున్న తన శవపేటిక మూత మీదా.

నలభై నాలుగులో, ఆకు రాలే కాలాన
ఏడు పడవలు దీపాల్లేకుండా స్వీడన్ వైపు వెళ్ళాయి.
తెల్లారి చూస్తే ఆ ఇళ్ళ పొయ్యిల మీద
బంగాళాదుంపలు ఇంకా వెచ్చగా ఉన్నాయట.
మిగిలిన పడవల్ని సైనికులు వాములా పేర్చి కాల్చారు.
ఆ తారు వాసన
మా అమ్మ పెళ్ళి దుప్పట్లని చివరిదాకా వదల్లేదు.

తర్వాత సముద్రానికి కంచె వేశారు.
అవును, సముద్రానికే.
సమష్టి క్షేత్రం మగాళ్ళకి పగటి చీటీ.
ఆడవాళ్ళకి అదీ లేదు.
పొద్దుగూకితే టానెల్, వల వేయడంలో ఊరికే పెద్ద చెయ్యి,
గుర్రానికి పళ్ళగొర్రు కట్టి
శవానికి తల దువ్వినంత శ్రద్ధగా
ఒడ్డంతా దువ్వేవాడు.
పొద్దున్నే సైనికులు చదువుకునేవాళ్ళు:
సముద్రపు కాకి, నక్క, గాలి.

నాకు లైనె అని పేరు పెట్టారు. అల అని అర్థం.
తొమ్మిదేళ్ళొచ్చినా నాకు ఆ నీళ్ళు కిటికీలోంచే.

ఒక జూన్ ఉదయం, నీళ్ళలోంచి ఊరివైపు
ఉత్తికాళ్ళ అడుగులు!
గూఢచారి దిగాడన్నారు.
మూడు రోజులు కుక్కలు, అటకలు, గడ్డిమోపులు,
చేపల పొగగూట్లో మసి కూడా తవ్వారు.
దొరికింది పీప్ దాచుకున్న నాటుసారా ఒక్కటే.

మా అవ్వ మేటా మేజోడు అల్లుకుంటోంది.
ఆమె లంగా అంచున ఉప్పు తెల్లగా ఎండి ఉండడం
అమ్మ చూసింది. నేనూ చూశాను.
వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగిందట,
వాగులోంచి ఇల్లు చేరిందట.
"ఎందుకే ముసలీ, మమ్మల్ని చంపడానికా?"
"యీవా ఇంకా ఉందో లేదో చూద్దామని."
అని కుట్లు లెక్కపెట్టుకుంది.

కంచె పోయి ముప్పై ఏళ్ళు దాటింది.
పళ్ళగొర్రు మా గోడకి ఆనించి ఉంది, బఠాణీ తీగ పాకింది.
శని ఆదివారాలు పొగబెట్టిన చేపలమ్ముతాను.
టాలిన్ వాళ్ళు వచ్చి, ఇక్కడ ఈత కొట్టొచ్చా అంటారు.
కొట్టండి, అంటాను. వేడిగా ఉంది, ముల్లు జాగ్రత్త, అంటాను.
వాళ్ళ పిల్లలు ఇసుకంతా అడ్డదిడ్డంగా తొక్కుతారు.
ఎవరూ లేనప్పుడు నేనూ వెళ్తాను,
ముందుకే నడుస్తూ.
తిరిగొచ్చేటప్పుడు మాత్రం
వాగు కనబడగానే
కాళ్ళు వాటంతటవే నీళ్ళలోకి దిగుతాయి.