తిప్పుడు బొత్తం

తిరుపతి కరకంబాడి రోడ్డులో, టైర్ల అంగడి పక్కన
నాది మూడు గజాల షట్టరు.
కార్లకు తెరలు బిగిస్తాను.
డాష్‌బోర్డు ఊడదీసి, తీగల పేగులు బైటికి లాగి
పాత రేడియో ఉండే గుంతలో
పది అంగుళాల వెలుతురు పెడతాను.

వచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట:
"నా ఫోన్లో మాదిరే ఉండాలబ్బా."
సరేనంటాను. అంగడి కదా.
ఫోను సంగతి నాకు తెలీదా,
అది బొటనవేలికి పుట్టిన బిడ్డ.
దీపం ఆర్పి, ఒత్తిగిలి పడుకుని
ఒంటిచేత్తో తోడేకొద్దీ ఊరే చెలమ.
దానికి కావలసింది నా కళ్ళు.
రెండూ. రెప్పలతో సహా.

ట్యాబు వేరే రకం.
మా వదిన చెంగమ్మ పాకాల దగ్గర పాలకేంద్రంలో
దాన్ని ఒళ్ళో పెట్టుకుని లెక్క రాస్తుంది.
పేరు ఏదైనా ఆమెకది పలకే.
రెండు చేతులడుగుతుంది అది, ఒక ఒడి అడుగుతుంది,
కుదురుగా కూర్చునే తీరిక అడుగుతుంది.
తెల్లారి ఐదింటికి పాలతడి వేళ్ళతో ముట్టుకుంటే
ఉలకదు, పలకదు.
క్యాను మూత నుంచి చుక్క రాలితే మాత్రం
దాన్నే వేలనుకుని
ఏడు లీటర్లను డెబ్బై ఏడు చేస్తుంది.
మునెయ్య బక్కావు ఆ పూట కామధేనువైంది.
వరసలో ఉండే వాళ్ళంతా నవ్వినారు.
వదిన చెంగుతో అద్దం తుడిచి
వెనక్కి పొయ్యే బాణం గుర్తు యాడుందో
మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కునింది.

ఇంక కారు తెర.
దానికి ఒడి లేదు, బొటనవేలి దోవ లేదు.
గాల్లో వణికే ఎడమచేతి చూపుడువేలు ఒకటే,
అదీ కొండ మలుపులో
బండి ఒక పక్కకు, మనిషి ఒక పక్కకు ఒరిగేటప్పుడు.
ఫోన్లో తప్పు నొక్కితే పాట మారుతుంది.
ఇక్కడ...
వద్దులే, బోణీ వేళ ఆ మాటెందుకు.

పోయిన నెల ఖాదర్‌బాషా వచ్చినాడు,
ముప్పై ఏళ్ళుగా కొండకు బాడుగ తోలే మనిషి.
కొడుకు ముచ్చటపడితే ఆయన బండికి తెర బిగించింది నేనే.
"తీసెయ్ నాయనా" అన్నాడు.
"చెడిపోయిందా?"
"చెడిపోలా. బాగా పనిచేస్తా ఉండాది. అదే తంటా."

దిగే దోవలో వాన. అద్దమంతా ఆవిరి.
గాలిని అద్దం వైపు మళ్ళించాలంటే
మొదట ఇంటి బొమ్మ, దాంట్లో పంకా బొమ్మ,
దాంట్లో మళ్ళీ మూడు వంకర గీతలు.
వెనక సీట్లో చందనం పూసిన గుండుతో పసిబిడ్డ,
తల్లి ఒళ్ళో నిద్ర.
"మూడో బొమ్మ దొరికేలోపల
ఒక మలుపు నన్నడక్కుండానే వచ్చేసింది నాయనా."
ఏమీ కాలా. గోడకు జానెడు ఇవతల ఆగింది.
బిడ్డ లేవను కూడా లేవలేదంట.

"పాత జీపులో చెయ్యి దానంతటదే పొయ్యేది.
గుండ్రటి బొత్తం. అంచుకు పళ్ళు.
టక్కుమంటే ఒకటి, టక్కుటక్కుమంటే రెండు.
దాన్ని చూసిందే లేదు నేను.
నల్లటిదని, బండి అమ్మేసిన రోజు తెలిసింది."

తెర తియ్యలేదు, కొడుకు ఊరుకోడు.
తుక్కు డబ్బా బోర్లించి, ఒక బొత్తం ఏరి
తెర కింద బెజ్జం వేసి కూర్చోబెట్టినాను.
రెండు సాయంత్రాలు పట్టింది.
మొదటిరోజు అడ్డంగా తిరిగింది, కుడికి తిప్పితే తగ్గుతా.
కూలి తీసుకున్నాను. బొత్తానికి మాత్రం అడగలేదు.

నిన్న ఒక కుర్రోడు, కొత్త కారు,
సీట్లకు ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలా.
"ఒక్క బొత్తం కనపడకూడదన్నా. ఫోన్లో మాదిరి."
"కూర్చో తమ్ముడూ. కళ్ళు మూసుకో.
ఎడమచెయ్యి చాపి ఏం తగులుతుందో చెప్పు."

నవ్వుతా చాపినాడు.
కాసేపు తడిమినాడు.
ఆ పక్కకు, ఈ పక్కకు, ఇంకాస్త పైకి.

"ఏముందన్నా,
అంతా ఒకటే మాదిరిగా ఉండాది."