స్పాంజి

కోడుమూరు సంతబజార్లో సభ.
మైకుసెట్టు నాదే,
దస్తగిరి సౌండ్స్, పెండ్లిండ్లకు, చావులకు, పార్టీలకు.
ఆరు బాక్సులు, రెండు హారన్లు.
ఒక హారను కరెంటు స్తంభానికి కట్టినా,
ఇంకొకటి ఎర్రగడ్డల మండీ రేకుల దిక్కు తిప్పినా.

నాయకుడు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చినాడు.
కాలువ మాట వచ్చింది, పోయింది.
గిట్టుబాటు ధర కాడ దగ్గొచ్చింది ఆయనకు.
జనం బీడీలు వెతుక్కుంటాంటే
ఉన్నట్టుండి సరిహద్దు దాటినాడు:

"ఆ పక్కదేశమా? అదీ ఒక దేశమా!
మన ఎంగిలాకులు నాకి పెరిగిన దేశం.
మనమంతా ఒకసారి ఉమ్మితే మునిగిపోతాది!"

ఈల ఒకటి లేచింది. ఎనకాలే వంద.
నా దిక్కు చూసి చెయ్యి పైకెత్తినాడు,
సౌండు పెంచమని.
పెంచినా.
తిప్పింది నా వేలే, ఇంకొకరిది కాదు.
కుయ్యిమని మైకు అరిచింది,
ఆ మాత్రం సిగ్గు దానికుంది.

ముందు వరుసలో ఒకడు
బాక్సు మీద పెయింటుతో రాసిన నా పేరు చదివి
నన్ను చూసి నవ్వినాడు.
ఆ దేశం యాడుందో వానికీ తెలీదు, నాకూ తెలీదు.
నాకు తెలిసిందల్లా
మా బావ పెద్దుసేని సంచుల మీద
మండీలో రాసే ఒక మాట: బంగ్లా లోడు.
గడ్డ సన్నదైనా ఎరుపు బాగుంటే
ఆ లోడుకే పోతాది, నాలుగు రూపాయలు ఎక్కువకు.
మా అక్క కంటి ఆపరేషను ఆ నాలుగు రూపాయల్లోదే.
యాడనో, పేరు తెలీని ఊర్లో, ఏ తల్లో
మా హంద్రీ నీళ్ళు తాగిన గడ్డను కోస్తా
కండ్లు తుడుచుకుంటాంటాది.
అంతే మా చుట్టరికం.

మా అవ్వకూ పక్కింటి సుంకులమ్మకూ
ముప్పై ఏండ్లు కొళాయి కాడ కొట్లాట.
ఎన్ని తిట్లు! తాళమేసుకోవచ్చు వాటికి.
అయినా అవ్వ ఏనాడూ వాళ్ళ గంజిని తిట్టలా,
వాళ్ళ బిడ్డల ఆకలిని తిట్టలా.
తెల్లారితే చేమిరి చుక్కకు
ఆ గడపకే పోవాలని గుర్తుండేది ఆమెకు.

ఇరవై దినాలకు లోడు ఆగిపోయింది.
ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలా.
సుంకమన్నారు, వానన్నారు,
ఆడ వాళ్ళకే పంట బాగా పండిందన్నారు.
సభ వల్లనని నేనూ అనను.
కోడుమూరులో అరిస్తే ఢాకాలో వినపడేంత
గొప్ప బాక్సులు కావు నావి.
అయితే అట్లా అరిచే ఊర్లు ఎన్నున్నాయో,
ప్రతి ఊర్లో నా అట్లాంటోడొకడు
చెయ్యెత్తితే చాలు, పెంచుతానే ఉంటాడు గదా.

మండీలో గడ్డలు చెమ్మగిల్లినాయి.
మొలకలొచ్చినాయి. వాసన
బస్టాండు దాకా నడిచొచ్చింది.
బావ వచ్చి తల గోక్కున్నాడు:
"ఆటోకు ఒక హారను కట్టియ్యి దస్తగిరీ,
ఊరికే తీసకపోండని చెప్పుకుంటా.
గొర్లకైనా ఏసుకుంటారు."

పెట్టెలోనుంచి ఆ మైకే తీసినా.
అప్పుడు కనపడింది
స్పాంజి మీద ఎండిన తుంపర,
తెల్లగా, పొలుసు మాదిరి.
ఆయన ఉమ్మింది సరిహద్దు దాకా పోలా,
జానెడు కూడా పోలా.

సబ్బునీళ్ళల్లో రెండుసార్లు పిండినా.
దండెం మీద అక్క చీర పక్కన ఆరేసినా.
ఆరేదాకా బావ ఆగలా,
ఉత్త మైకుతోనే అరుస్తా పోయినాడు
గోనెగండ్ల దోవన:
ఎర్రగడ్డలో... ఊరికే ఎర్రగడ్డలో...

సాయంత్రం నాయకుని మనిషి ఫోన్ చేసినాడు.
మళ్ళీ సభ, ఈసారి ఎమ్మిగనూరులో.
ఎన్ని బాక్సులు కావాలని అడిగినా.
ఇంకా పెద్దవి కావాలన్నాడు.
పోయినసారి బాడుగే ఇంకా ఇయ్యలేదు మీరు,
అని నేను అనలా.
స్పాంజి ఇంకా ఆరలేదన్నా.