గ్లెనిస్ పేరుతో

సోమవారం, ఎనిమిదీ నలభై.
హడర్స్‌ఫీల్డ్‌లో వాన మొదలూ కాలేదు, ఆగనూ లేదు.
రెండో అంతస్తు, ఇళ్ల మరమ్మతుల విభాగం.
మూలన నిలబడ్డ పెద్ద యంత్రం
కాగితాన్ని నోట్లోకి లాక్కుంది,
గాజు కింద వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది,
తర్వాత చిన్న తెర మీద రెండు మాటలు:
పంపడం కుదరలేదు.

మళ్లీ పెట్టాను. మళ్లీ అవే మాటలు.
రిజ్వానా వచ్చి పక్కన ఒక్కటి చరిచింది.
మా ఇంట్లో రేడియోకి ఈ వైద్యం పనిచేసేది.
దీనికి చేయలేదు.

కేబుల్ బాగానే ఉంది. సర్వర్ మేలుకునే ఉంది.
ఫోల్డర్ ఎక్కడికీ పోలేదు:
'తేమ', దాని లోపల 'తేమ కొత్తది',
దాని లోపల 'తేమ కొత్తది ఇదే వాడండి'.
అందరి దగ్గరా తాళంచెవి ఉన్న గది.
అందరి దగ్గరా ఉంది కనుక
ఎవరూ తీయని గది.

మధ్యాహ్నం దాటాక, సెట్టింగుల అట్టడుగున,
వేలి కొన పట్టనంత గడిలో దొరికింది కారణం.
ప్రతి కాగితమూ చేతబట్టుకుని ఈ యంత్రం వెళ్లి
తలుపు తట్టినప్పుడల్లా
ఎవరది? అని లోపలి నుంచి అడుగుతుంది.
పదకొండేళ్లుగా ఇది చెబుతున్న జవాబు ఒక్కటే:
నేను, గ్లెనిస్‌ని.

గ్లెనిస్ ఆర్మిటేజ్. మొన్న శుక్రవారమే రిటైరైంది.
నిమ్మకాయ కేకు తనే తెచ్చింది,
కోసిన కత్తి కూడా తనే కడిగి పెట్టింది.
ఆ సాయంత్రం ఐదింటికి, నియమం ప్రకారం,
ఆమె ఖాతా చెరిపేసిన చెయ్యి నాదే.

ఫోన్ చేశాను. పకపకా నవ్వింది.
"యంత్రం బిగించిన కుర్రాడు
ఏదో ఒక పేరు కావాలన్నాడు, పిల్లా.
దగ్గర్లో నేనే ఉన్నాను."
వెనక కెటిల్ ఈల వేసింది. పెట్టేసింది.

ఫోల్డర్ తెరిచాను.
నలభై ఒక్క వేల కాగితాలు.
స్నానాల గది కప్పు మీద నల్లటి బూజు,
ఉయ్యాల వెనక చెమ్మ,
మూడోసారి రాస్తున్నాను, నాలుగోసారి రాస్తున్నాను.
గోడల గోడు గోడకే చెప్పుకున్నట్టు.
అన్నిటి పక్కనా, తెచ్చినవారు: గ్లెనిస్.
మార్చి నుంచి ప్రతి పేజీ మీదా
ఒకే చోట ఒక సన్నని నల్లగీత.
అది ఆఫీసు ముద్ర అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.
గాజు మీద మురికి చుక్క.
గోటితో గీకితే పోయింది.

యంత్రాలకు మనుషుల పేర్లు ఉండకూడదని రాసి ఉంది.
కొత్త ఖాతా తెరిచాను: స్కాన్ సున్నా ఒకటి.
దీని పాస్‌వర్డుకు గడువు లేదు,
దీనికి రిటైర్మెంటు లేదు, కేకు లేదు.

పొద్దుటి కాగితమే మళ్లీ పెట్టాను. వెలుగు నడిచింది.
పంపాను, అంది తెర.
జాబితా చివర కొత్త వరస, కొత్త పేరు.
"ఇదెవరు?" అంది రిజ్వానా నా భుజం మీంచి.

ఆ ప్రశ్నకే కాబోలు, తెరిచాను,
ఇక్కడ చేరాక మొదటిసారి.
తలకిందులుగా పడింది.
తిప్పే బొత్తాం ఉంది, తెలుసు.
మెడ వంచి చదివాను:

అయ్యా, లేక అమ్మా,