జీరో టికెట్

రెండో శనివారం, రాత్రి ఎనిమిది దాటినంక
కాజీపేట దర్గా బాటల
యాకూబ్ పాషా తన దర్జీ దుకాణం షట్టర్ సగం దించుతడు.
వంగి లోపలికి దూరినోళ్లమంత
ఆ పూటకు ప్రయాణికులమే.

షరతు ఒక్కటే:
సెల్లుల ఫోటోలు చూపియ్యొద్దు.
నోటితోనే తీస్కపోవాలె.
పాషా ఎవల్ది వాళ్లకు కాజాలు కుట్టుకుంటనే వింటడు.
మాటల నడుమ ఆయన మిషన్ తొక్కితే
బండి కదిలినట్టే ఉంటది.

ఓదెలు గూడ్స్ గార్డు చేసి రిటైరయిండు.
సిర్పూర్ కాగజ్‌నగర్ దాటినంక ఒక తెల్లారుగట్ల
ఎర్ర సిగ్నల్ ముందు నలబై నిమిషాలు ఆగిన కథ చెప్తడు.
అండ్ల ఏం కాదు. ఒక నక్క పట్టాలు దాటుతది.
మళ్లీ ఇటు దాటుతది. అంతే.
అయినా అదే చెప్పుమంటం ప్రతిసారి.
రెండోసారి దాటేటప్పుడు
ఏదో మరిచిపోయినట్టు నడుమ ఆగిందంటడు గదా,
ఆ మాట కోసం.

స్వరూపది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు.
భీవండికి ఇద్దరు పోయి
ఒక్కతే తిరిగొచ్చిన రైలు కథ ఆమెది.
ఎప్పుడు చెప్పినా షోలాపూర్ కాడ ఆపుతది.
మేం అడగం. టీ పోస్తం.

నాది మంగపేట కథ.
అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు, ఏఎన్ఎం కొలువు కొత్త.
భుజానికి నీలం టీకాల డబ్బా, అండ్ల నాలుగు ఐసు పలకలు.
గోదావరి నడుమ పడవ ఇసుక మేటకు తట్టుకున్నది.
పడవ నడిపే మొగిలి దిగి నెట్టిండు, నేను దిగి నెట్టిన.
పొద్దు గూకింది.
తడి ఇసుకల మోకాల్లోతు గుంత తీసి
డబ్బాను చంటిపిల్లను పండవెట్టినట్టు పండవెట్టి
రాత్రంత దాని మీద నీళ్లు చల్లినం.
తెల్లారి అవతలి ఒడ్డున పదకొండు మంది పిల్లలకు సూదులేసిన.
చెప్పి చెప్పి అంచులు అరిగినయి ఈ కథకు.

మొన్న జమ్మికుంట నుంచి వస్తున్న.
బస్సు నిండ పత్తి దుమ్ము.
ముందు సీట్ల ఒకాయన మక్కకంకి ఒలుచుకుంట
పక్కనున్న పోరనికి చెప్తుండు:
“మా దోస్తుకు తెలిసిన నర్సమ్మ ఒకామె...”
పడవ. ఇసుక. డబ్బా.
నా వెన్ను నిటారైంది.

నాలుగు పలకలు ఆయన నోట్ల ఆరైనయి.
మొగిలి మల్లయ్య అయిండు, పోనీ.
పిల్లలు నలబై మంది అయినరు,
మంచిదే, టీకాలు వృథా పోలే.
గని తర్వాత అన్నడు:
“అవతలి ఒడ్డు మీద ఒక తల్లి, చంకల బిడ్డ,
కందిలి ఊపుకుంట నిలబడ్డది.
ఆమె చెయ్యి గుంజితే ఇంకొకామె అందుకున్నది.
గట్లనే తెల్లారిందాక.
నీళ్ల నడుమ ఉన్నోళ్లకు
ఒడ్డు ఎటున్నదో యాదికుండాలె గదరా.”

నేను ఏ కందిలీ చూడలే.
చూడలేదా?
ఆ రాత్రి నేను కిందికే చూసిన,
ఇసుకనే, డబ్బానే.
తలెత్తిన గుర్తు లేదు.
పొద్దుగాల పిల్లలను పట్టుకున్న చేతులల్ల
ఏ చేతికన్న కిరసనాయిలు వాసన ఉండెనా?
ఇరవై ఆరేండ్లాయె. ఎవల్ని అడగాలె?

భుజం తట్టి, ఆ నర్సమ్మను నేనే అనొచ్చు.
మాట పెదవుల దాక వచ్చింది.
“తర్వాత ఏమైంది?” అని అడిగిన.

ఆయన వెనక్కి తిరిగిండు.
కంకి సగం విరిచి నా చేతిల పెట్టి
మళ్ల మొదటి నుంచి అందుకున్నడు, నాకోసం.

హన్మకొండ వచ్చింది. పోరడు దిగిండు.
నేను లేవలే.
పడవ ఇంక ఇసుకల్నే ఉన్నది.

“చౌరస్తాకే అంటివి గదమ్మా” అన్నడు కండక్టరు.
“వరంగల్ దాక కొట్టు.”
మిషన్ గిర్రుమని
ఇంకో సున్నా కాయితం చేతికిచ్చింది.