వెనక వరుస

ముందు వరుసల హార్మోని, ఉస్తాద్‌ది.
నేను వెనుక, ఎడమదిక్కు కొసకు.
నా వాద్యం నా రెండు అరచేతులే.

మాది కొత్తవాడ. జంఖానా కొననీకొచ్చి
బేరం సగంల ఆపి పంజా చప్పుడు విన్నడు మునవ్వర్ ఉస్తాద్.
"ఈ పిలగాడు లెక్క తప్పుతలేడు" అన్నడు మా నాయినతోని.
జంఖానా కొన్నడో లేదో యాదికి లేదు.
నన్ను మాత్రం తీస్కపోయిండు.

పగలు ఆయన మండిబజార్ల కుట్టుమిషన్లు బాగుచేస్తడు.
రాత్రి హార్మోని మెట్ల మీద ఉరికే వేళ్ళకు
గోళ్ళ సందుల నూనె నలుపు పోదు.
ఉర్సు నెలంత పెరుగు ముట్టడు.
దవడకు లవంగం, జేబుల పటికబెల్లం,
ఒక్కటే షేర్వాణి, కాలరు తిరగేసి కుట్టింది.
పాడుతుంటే కుడిచెయ్యి లేస్తది
పతంగికి దారం వదిలినట్టు ఒకపారి,
దేవుని కాడికి బాకీ వసూలుకు పోయినట్టు ఇంకోపారి.
కాజీపేట జంక్షన్ల గూడ్సు కూత పెడితే ఆగడు,
ఆ కూత మీదికే గొంతు ఎక్కిస్తడు.
జనం నవ్వుతరు. నోట్లు రాల్తయి.

ఆ ఏడు ఉర్సుల, నడిరాత్రి దాటినంక
ఒక ముసలి కీమ్యాన్ లేచి నిలబడ్డడు.
అంగి గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నడు.
కండ్లు మూసి ఊగుడు షురూ.
హాల్ వచ్చిన మనిషి ముంగట చరణం మార్చద్దు.
మారిస్తే పోగు తెగినట్టు
మనిషి నడుమల్నే తెగుతడట.

అదే చరణం. మళ్ళ అదే.
డోలక్ చేతులు మారింది.
వంత పాడేటోళ్ళు ఒక్కొక్కలు నీళ్ళకు లేచిండ్రు.
ఉస్తాద్ గొంతుల ముందుగాల మాటలు పోయినయి,
తర్వాత అచ్చులు,
ఆఖరుకు ఉత్త గాలి.
నా చేతులు వాచి రొట్టెలయినయి.
పోగు పడ్డంక పంజా దెబ్బ పడాలె, గంతే,
నాకు తెలిసిన ఇద్దె అదొక్కటే.

ఫజర్ అజాకు జర ముందు ముసలాయన కూలబడి
నీళ్ళడిగిండు.
తాగి, తువ్వాల దులుపుకొని, డ్యూటీకి పోయినట్టు పోయిండు.

చాయ్ డబ్బ కాడ అడిగిన:
బజారు ఉర్దూ నాకొచ్చు ఉస్తాద్, ఈ పాటల ఉర్దూ రాదు.
ఆ చరణం ఏమంటది?
ఆయనకు మాట లేదు.
బిస్కట్ పుడ చింపి, చాయ్‌వాలా పెన్సిల్ అడుక్కొని
కుడి నుంచి ఎడమకు రాసిచ్చిండు.

నాకు చదవరాదు. జేబుల పెట్టుకున్న.
చేతుల వాపు దిగినంక
ఎవలతోనన్న చదివించుకోవాలె అనుకున్న.
వాపు దిగి ఏండ్లయింది.