జాప్యం మన్నించమని

గడువు దాటిపోయిన వాళ్లు
కోర్టులో ముందుగా ఒక పిటిషన్ వేసుకోవాలంట,
ఆలస్యాన్ని మన్నించమని.
ఉత్తినే మన్నించరు.
దినానికొక కారణం చొప్పున లెక్క చెప్పాల.

నాదీ రాసి చూసినాను.
ఎం. చెంగల్రాయులు, వయసు ముప్పై ఒకటి,
కాపురం గిరింపేట, చిత్తూరు.
జాప్యం పదకొండేండ్లు.
దినాల లెక్క దొరస్వామి లాయరు గుమాస్తా వేసిచ్చినాడు,
లీపు సంవత్సరాలు గూడా కలిపి.

మొదటి ఏడు తప్పు నాదే. ఎవురిమీదా నెపం పెట్టను.
బీయస్సీ క్లాసులో బోర్డు మీద ఇంగ్లీషు పరిగెత్తతా ఉంటే
నేను కిటికీలోంచి బెంగుళూరు బస్సుల్ని ఎంచినాను.
కెమిస్ట్రీలో తొమ్మిది మార్కులు.
తలకిందులు చేస్తే ఆరు, అదీ మేలు కాదు.
ఆ లిస్టును మడిచి మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టినాను.
బియ్యం అయిపోయిన దినం మా యమ్మ చూసింది.
మడత తీసి, మళ్లా అట్లే మడిచి,
దానిమీదనే కొత్త బియ్యం పోసింది.

తర్వాత రెండు ఎండాకాలాలు గుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి సొన తగిలి వేళ్ల సందుల్లో పొక్కులు.
ఆ దినాలకు కారణం 'ఆకలి' అని రాస్తే
"సినిమా మాదిరి ఉండాది, కొట్టెయ్" అన్నాడు గుమాస్తా.
కొట్టేసినాను.

మిగతాది కోర్టు ఎదురుగా, అల్లాబకషు అన్న జిరాక్సు అంగట్లో.
దావాలు, జవాబు దావాలు, వకాల్తాలు
అద్దం మీద బోర్లా పడుకునేవి,
కిందనుంచి పచ్చటి వెలుగు పాకేది.
పేజీ తిప్పే సందులో ఒక్క వాక్యం చదివేవాణ్ని.
తర్వాతి వాక్యం ఇంకొకరి కేసులో.
ఎవురిదో బావి గట్టు, ఎవురిదో అన్నదమ్ముల వాటా
నా తలకాయలో ఒకే తగాదాగా అతుక్కున్నాయి.

ఒకనాడు పాకాల నుంచి వచ్చిన నరసమ్మ
"ఏముండాదో చదివి చెప్పు నాయనా" అనింది.
ఐదు పేజీలకు ఐదు రూపాయలు,
చదివినందుకు రెండు చెనిక్కాయల ఉండలు.
డిక్రీ అంటే గెలిచినట్టేనని చెప్పి పంపించినాను.
డిక్రీ ఆమె మీద.
అప్పీలుకు ముప్పై దినాలే గడువని నాకు తెలీదు.
రెండు నెలలకు మళ్లా వచ్చింది. తిట్టలేదు.
ఇంకొక కాపీ కావాలనింది.

ఆ వారమే సప్లీ ఫీజు కట్టినాను.
కెమిస్ట్రీ నాలుగోసారికి దయతలిచింది.

ఇప్పుడు తిరుపతి లా కాలేజీ, మూడో బెంచీ.
మొదటి దినం పక్క పిల్లోడు
నన్ను సారనుకొని లేచి నిలబడినాడు.
ఐదింటి బస్సులో, పాకాల దాటినాక తెల్లారతాది,
ఒళ్లో తెరిచిన కాంట్రాక్టు చట్టం
అప్పుడే కనిపించడం మొదలవుతాది.

నా లెక్కలో ఇంకా కొన్ని దినాలు మిగిలినాయి.
యాడ పోయినాయో నాకే తెలీదు. ఖాళీ వదిలేసినాను.

అది పక్కన పెట్టి
రాత్రి నరసమ్మ పిటిషన్ రాస్తా కూర్చున్నాను,
దొరస్వామి లాయరు చూసి దిద్దతాడు.
కారణం అనే చోట
'గడువు లోపల జిరాక్సు అంగట్లో ఒకడు తప్పు చదివినాడు'
అని రాసినాను.

గుమాస్తా కొట్టెయ్ అంటాడు.
ఇది కొట్టెయ్యను.