గాలి లేని గది

పదకొండేళ్ళుగా ఈ గేటు దాకా వస్తున్నాను.
నాలుగో తరగతి పిల్లల్ని దింపడం,
ఇంజను ఆపి ఫ్లాస్కులో కాఫీ తాగడం,
గంటన్నరకి వాళ్ళ తలలు మళ్ళీ లెక్కపెట్టుకోవడం.
లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు.
ఇవాళ బస్సులో హీటరు చచ్చింది.
షెనండోవా లోయలో ఫిబ్రవరి చలి
బూటు అడుగు నుంచి ఎక్కుతుంది.
"మీరూ రండి వెర్లీన్," అంది టీచరు.
ఇరవై మూడోదాన్నై వరసలో నిలబడ్డాను.

గాలిగంటలు చేసే చోటంటే
తలుపు తియ్యగానే చెవులు గింగురుమంటాయనుకున్నా.
రంపం కీచు, అంతే,
కీచుకీ కీచుకీ మధ్య
ఎవరి రేడియోలోనో గొడ్ల సంత ధరలు.
ఫ్యాన్లు లేవు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు.
గాలొస్తే దారాలు చిక్కుపడతాయట.
గాలి కోసమే పుట్టేవన్నీ
గాలి సోకని గదిలో కళ్ళు తెరుస్తున్నాయి.

శ్రుతి చూసేది ఆర్ఫా హాటెల్.
తెలిసిన మనిషే. చర్చిలో నా వెనక బల్ల.
ఏ కీర్తనైనా అర మెట్టు పైన పాడుతుంది,
ఎవరం ఏమీ అనం.
ఇక్కడ మాత్రం గొట్టాన్ని గోటితో మీటి
మిషను మీద అంకె చూసి
వెంట్రుకవాసి అరగదీస్తుంది.
"పొట్టిదయ్యేకొద్దీ గొంతు పెరుగుతుంది,
మా ఆయన లాగే," అంది.
పిల్లలకి అర్థం కాలేదు.
నేనొక్కదాన్నే నవ్వాను, రంపం ఆగిన క్షణంలో.

బెజ్జాలు వేసేది డెల్మర్.
నుదుటి మీద కళ్ళద్దాలు, బొటనవేలికి ప్లాస్టరు.
రెండు స్పాంజి ముక్కల మీద ఒక చదును పట్టీ పెట్టి
పైన ఉప్పు చల్లాడు.
"కొట్టు," అన్నాడు టోబిన్‌తో.
నా వెనక సీటు టోబిన్, నోరు మూతపడని టోబిన్.
కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.
ఉప్పు ఉలిక్కిపడి, చెదిరి, పరుగెత్తి
రెండే రెండు గీతల దగ్గర సద్దుమణిగింది.

"పట్టీ అంతా వణుకుతోంది.
ఈ రెండు చోట్లే వణకదు.
పొడుగులో అయిదో వంతు దాటాక, నాలుగో వంతు రాకముందు.
గొట్టానికైనా ఇంతే, బెజ్జం అక్కడే.
కాస్త పక్కకి జరిగామా,
వేలాడదీసిన దారమే దాని పీక నొక్కేస్తుంది."

కర్టిస్ పోయిన ఏడు
చెంచా పట్టుకుంటే చెంచా వణికేది.
అయినా ఆరూ పదికి బస్సు తీసేదాన్ని,
మొదటి స్టాపు, రెండో స్టాపు, పాలకేంద్రం మలుపు.
గట్టి గుండె అన్నారు ఊళ్ళో.
గుండె కాదు.
ఉప్పు ఆగిన గీత.

టోబిన్ ఆ ఉప్పు నాకాడు.
టీచరు వాణ్ణి చెవి పట్టుకుని వెనక్కి లాగింది.

చివరి బల్ల దగ్గర ప్రతి గంటనీ
ఒక్కసారి, ఒక్కసారే మోగిస్తారు.
విని, తల ఊపి,
నాలిక చుట్టూ కాగితం చుట్టి పెట్టెలో పడుకోబెడతారు.
ఎవరి వరండాలోనో మళ్ళీ నోరు విప్పేదాకా
లారీల్లో మూగగా పోతాయి.
కోత తప్పినవి ఒక పీపాలో.
"తలా ఒకటి తీసుకోండి," అన్నాడు డెల్మర్.
ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తిరుగు దారిలో ఇరవై రెండు గొట్టాలు
సీట్ల మీద, కిటికీల మీద, ఒకరి నెత్తి మీద ఒకరివి.
రైలు పట్టాల ముందు బస్సు ఆపాను.
ఆపి, తలుపు తెరిచి, చెవి ఒగ్గి వినాలి. అది రూలు.
"నిశ్శబ్దం!" అన్నాను.
ఇరవై ఒక్క పిడికిళ్ళు బిగిశాయి.
టోబిన్ బూటు లేసు విప్పి
బెజ్జంలోంచి దూర్చి పట్టుకున్నాడు.

రైలు లేదు.
తెరిచిన తలుపులోంచి గాలి ఎక్కింది,
మెట్లు దాటి, నా మోకాళ్ళు దాటి,
వాడి గొట్టాన్ని సీటు కమ్మీకి తగిలించింది.
అర మెట్టు పైన.
అచ్చం ఆర్ఫా.

తలుపు మూసి కదలాలి. అదీ రూలే.
వెనక పాల ట్యాంకరు హారను కొట్టేదాకా
అలాగే విన్నాను.